చీటీ తీసిన చేట

జూన్ 12, గురువారం

ఈ నోటుబుక్కు నా మనవరాలు చందన ఇచ్చింది. చెప్పిందే పదిసార్లు చెప్పి దాని బుర్ర తింటున్నానట. బెంగొచ్చినప్పుడల్లా ఇందులో రాసుకో మామ్మా, నన్నొగ్గెయ్ అంది. నాది ఐదో తరగతి. తప్పులుంటాయి. ఎవరు చూడొచ్చారు.

బెంగ ఇదీ. ఎల్లుండి టెక్కలి కాలేజీలో దాని ట్రైనింగ్ మొదలు. పరిశోధన చేసేవాళ్ళు పద్నాలుగు మంది వస్తారు. మెదడులో ఉండే కణాలను చూసి ఏది ఏ రకమో ఏరడం ఇది వాళ్ళకు నేర్పాలి. బొమ్మలూ సాఫ్ట్‌వేరూ ఇంటర్నెట్‌లో అందరికీ ఫ్రీయేనట. ఫ్రీగా ఇచ్చేదాంట్లో ఏదో మెలిక ఉంటుందన్నాను. ఓపెన్ డేటా మామ్మా, మెలికేటీ లేదు అంది.

పద్నాలుగు మందీ ఒకే కణానికి ఒకే పేరు ఎంతవరకు పెడతారన్నదే మార్కు. నూటికి ఎనభై దాటితే బెంగళూరు వాళ్ళు దీనికి రెండేళ్ళ పోస్టు ఇస్తారు. దాటకపోతే ఈ నెలాఖరుతో సరి.

గ్యాస్ కట్టేశానా? చూసొచ్చాను. కట్టే ఉంది.

జూన్ 14, శనివారం. సాయంత్రం 6

క్యారేజీ వంకతో నేనూ టెక్కలి వెళ్ళాను. నువ్వెందుకు అంది. బస్సులో నీకు కళ్ళు తిరుగుతాయి కదా అన్నాను. కళ్ళు తిరిగేది నాకే.

వెనక బెంచీలో కూర్చున్నాను. తెరమీద కణాల బొమ్మలు. కొన్నిటికి పైకి ఒక పొడుగాటి కొమ్మ. కొన్నిటికి చుట్టూ కొబ్బరి పీచు చిక్కుపడ్డట్టు. కొమ్మ ఎటు పోయిందో, ఎన్ని చీలికలో చూసి పేరు పెట్టాలి. బొమ్మ మూలన కంప్యూటరే ఒక పేరు ఊహించి చూపిస్తుంది. అది ఉత్త ఊహే, మీ కళ్ళతో మీరు చూడండని చందన మూడుసార్లు చెప్పింది.

ఎవరి మెదడువి అని అడిగాను. కొన్ని ఎలుకలవి, కొన్ని ఆపరేషన్‌లో తీసిన ముక్కలట, ఆ మనుషులు ఒప్పుకునే ఇచ్చారట. వాళ్ళు బాగున్నారా అంటే చందనకు తెలియదు.

అక్కడ కూర్చుంటే నాకు కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీయే గుర్తొచ్చింది. ఇరవై రెండేళ్ళు పప్పు ఏరాను. విరగని గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు. గుండులో మళ్ళీ పెద్దది, చిన్నది.

మహీధర్ అని ఒక లెక్చరరు అందరికంటే ముందు ముగించి కాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన లక్ష్మీప్రియ అందరికంటే వెనక. ప్రతి బొమ్మకూ గోరు కొరుకుతుంది. మేడమ్, ఇలాగైతే ఈవిడ ముగించేసరికి దసరా వచ్చెత్తది అని మహీధర్ అంటే అందరూ నవ్వారు. చందన కూడా నవ్వింది. అది నాకు నచ్చలేదు.

జూన్ 16, సోమవారం

తొంభై నాలుగు వచ్చిందట! చందన కాజాలు తెచ్చింది. ఒకటి నా నోట్లో పెట్టింది.

జూన్ 17, మంగళవారం

రెండో కాజా తినబుద్ధి కాలేదు. తొంభై నాలుగు మరీ ఎక్కువ కదూ.

జూన్ 18, బుధవారం

ఫ్యాక్టరీలో మా వరసలో ఎనిమిది మందిమి. పెద్ద గుండూ చిన్న గుండూ ఏరేటప్పుడు ఎంత అనుభవం ఉన్నా పదింటికి రెండు దగ్గర తగవే. వారం తిరక్కుండా పద్నాలుగు మందికి తొంభై నాలుగు ఎలా కుదిరింది?

ఎలాగో నాకు తెలుసు.

మేస్త్రి ఒక్కోసారి చేటలో ముందే చీటీ పెట్టేవాడు, ఇది ఫలానా సైజని. చీటీ ఉంటే మేము చూసేవాళ్ళమే కాదు. పైపైన చెయ్యి ఆడించి తోసేసేవాళ్ళం. ఒకసారి మా వరసలోని తవిటమ్మ ఒక్కతే, ఈ సేట కల్తీ, నాను ముట్టనంది. మేస్త్రి మమ్మల్ని అడిగాడు. చీటీయే కరెక్టని ఏడుగురమూ అన్నాం. ముందు అన్నది నేనే. పనికి అడ్డం పడుతోందని తవిటమ్మను మర్నాడే మాన్పించేశారు. నెల తిరక్కుండా ఆ సరుకు కల్తీ అని విశాఖ నుంచి వెనక్కి వచ్చింది. తవిటమ్మను మాత్రం ఎవరూ పిలవలేదు. నౌపడలో ఉప్పు పనికి పోయిందని విన్నాను. నౌపడ ఎంత దూరం గనక. ఇరవై ఆరేళ్ళుగా వెళ్ళలేదు.

ఆ తర్వాత మేస్త్రి తెలివి తెచ్చుకున్నాడు. ఏరిన పప్పునే కలిపేసి, చీటీ తీసేసి, వారం పోయాక మళ్ళీ మా ముందు పెట్టేవాడు. అప్పుడు తెలిసేది ఎవరి కన్ను ఎంతో. బొమ్మ మూలన కంప్యూటరు పేరూ చీటీయే కదా.

జూన్ 19, గురువారం

చందనకు చెప్పేశాను. ఏటి మామ్మా, మెదడూ జీడిపప్పూ ఒకటేనా, ఆళ్ళు పీహెచ్‌డీలు అని కసిరింది. అన్నం తినకుండా తలుపేసుకుంది. నేను నోరు మూసుకుని ఉండాల్సింది.

జూన్ 20, శుక్రవారం. ఉదయం 5

చందన పళ్ళు తోముకుంటూ వచ్చి, ఆ సీటీ సంగతి మళ్ళీ సెప్పు అంది.

జూన్ 21, శనివారం

నేనూ మళ్ళీ వెళ్ళాను. మొదటి వారం చూపించిన నలభై కణాలనే చందన కలిపేసి మళ్ళీ పెట్టింది. ఈసారి మూలన కంప్యూటరు పేరు లేదు. పాతవేనని చెప్పలేదు.

మహీధర్ కాళ్ళు ఊపలేదు. పక్కవాడి తెర వైపు రెండుసార్లు మెడ సాచాడు. నెట్టు పోయిందా మేడమ్, పేరు రాట్లేదు అని అడిగాడు పాపం.

యాభై ఒకటి వచ్చింది.

చందన ఇంకో పని చేసింది. ఆ కణాలను మొదట పరీక్షించినవాళ్ళు ఏం రాశారో వెతికి చూసింది. నలభైలో ఆరింటికి కంప్యూటరు ఊహే తప్పు. మొదటి వారం పదమూడు మందీ ఆ ఆరింటికీ ఆ తప్పు పేరే పెట్టారు. లక్ష్మీప్రియ ఒక్కతే, ఆరు చోట్లా తెలీదు అని రాసింది. ఆ పిల్లను స్లో అని వచ్చే బ్యాచిలో తీసెయ్యాలనుకున్నానని చందన బస్సులో చెప్పింది.

జూన్ 22, ఆదివారం

సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. బెంగళూరు వాళ్ళు అడిగింది ఒక్క నంబరు. తొంభై నాలుగూ నిజంగా వచ్చిందే కదా, అదే పంపెయ్యవే, యాభై ఒకటి సంగతి ఎవరికి తెలుస్తుంది అన్నాను. నేనే అన్నాను. పోస్టు పోతే పిల్ల ఏమైపోతుందో అని.

చందన నా వైపు చూసింది. మరి తవిటమ్మకి ఏటి సెప్తావు మామ్మా అంది.

ఈ పుస్తకం చదివేసింది! ఎక్కడ దాచినా ఇంతే.

కోపం వచ్చింది. కాసేపటికి పోయింది. చందన రెండు నంబర్లూ పంపింది.

జూన్ 24, మంగళవారం

జవాబు లేదు. పాలు విరిగాయి.

జూన్ 25, బుధవారం

జవాబు లేదు.

జూన్ 28, శనివారం

వచ్చింది. రెండేళ్ళ పోస్టు లేదు. మూడు నెలలు ఇస్తారట. కంప్యూటరు పేరు దాచేసి, తెలీదు అని రాసేందుకు ఒక గడి పెట్టి, మొదటి నుంచీ మళ్ళీ నేర్పాలట. ఆ తర్వాత చూస్తారట.

చూస్తాం అంటే ఏమిటి అర్థం? చందన మాత్రం లక్ష్మీప్రియకు ఫోన్ చేసింది. ఈసారి నువ్వు నా పక్కన నిలబడి నేర్పాల, గోళ్ళు మాత్రం కొరక్కు అంది. అటునుంచి ఏమందో, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

తర్వాత నాతో, నా పని నేను సేసినాను మామ్మా, నీది మిగిలిపోనాది అంది.

జూలై 2, బుధవారం. నౌపడ

తవిటమ్మ ఉంది. కాళ్ళు ఉప్పుకు పగిలిపోయాయి. ఆ చేట విషయంలో నువ్వన్నదే నిజం, నేనే అబద్ధమాడాను అన్నాను.

ఏ సేటే, నాకు గుర్తు నేదు అంది.