మోతీ ఏడ్చినందుకు పూలిచ్చారట

కోడలా రూప్లీ, పెద్దోడు సోమ్లా దగ్గు తగ్గిందా? నీ మోకాలు ఎట్లా ఉంది? నేను పాల్వంచలో చిన్నోడు హరిలాల్ క్వార్టర్‌లో బాగానే ఉన్నాను.

నీ బిడ్డ మోతీ లండన్ నుంచి ఉత్తరం రాసింది. లా కాలేజీ టీచరమ్మ నెల రోజుల తర్వాత కనబడితే, మన తండాలో చుట్టాన్ని చూసినట్టే మెడ పట్టుకుని రాగం తీసి ఏడ్చిందట. ఆ తల్లి మనింట్లో ఎవరో పోయారనుకుని, పూలిచ్చి మూడు రోజులు సెలవిచ్చిందట. "దాదీ, గిక్కడ చూసిన సంతోషానికి ఎవలు ఏడ్వరు. నేనింక ఏడ్వ" అని రాసింది. అప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఇంటికొస్తున్న పిల్ల, రైలు దిగి మనకు దూరం నుంచే చెయ్యూపితే ఏం చేసేది?

ఎర్రమేక ఈనిందా? అందరికీ నా దీవెనలు. మోతీని చూసి నువ్వు మొహం ముడుచుకోకు. అది ఏడవకపోతే మనమే మొదలుపెడదాం. మే ఇరవై, ఆదివారం పొద్దున ఖమ్మం స్టేషన్‌కు రా.