పండుగలోపు

మంగళవారం, అశోక్‌నగర్ రూము

పోటీ పరీక్షకు ఈరోజు ప్రాక్టీసు ప్రశ్న మొదటి ప్రపంచ యుద్ధం: కారణాలు, గమనం, నష్టాలు. ఎప్పటిలాగే నా జవాబును రూమ్మేట్ శ్రీశైలం దిద్దాడు.

"కూటములు మంచిగ రాసినవ్ తమ్మీ. నష్టం రెండు లైన్లల్లనే ముగించినవ్. గింత పిసినారితనమా?" అని నవ్వాడు.

సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద ఉండగా గల్ఫ్ నుంచి అన్న ఫోన్. నిన్నటి నుంచి వాళ్ల క్యాంపు మీదుగా క్షిపణులు పోతున్నాయి. సగం మంది వాపసు వచ్చే విమానానికి పేర్లు ఇస్తున్నారట. వస్తే పని పోతుంది.

"నువ్వు గీ యుద్ధాలే సదువుతున్నవ్ గదరా. ఎన్ని రోజులు నడుస్తది? ఉండాల్నా, రావాల్నా?"

"బతుకమ్మ పండుగలోపు అయిపోతది. ఉండన్నా."

"సరే, అయితె పేరు ఇస్తలేను."

రూముకొచ్చి, నష్టాలు పెంచి రాద్దామని జవాబు కాగితం తీశాను. మొదటి పేరాలోనే నా చేతిరాత: 'సైనికులను పంపిన దేశాలు క్రిస్మస్ పండుగలోపు యుద్ధం ముగుస్తుందని అనుకున్నాయి. అది నాలుగేళ్లు సాగింది.'

శ్రీశైలం ఆ వాక్యానికి టిక్కు పెట్టాడు.

అది చదివినప్పటి నుంచి అన్నకు చేస్తూనే ఉన్నాను. ఫోన్ కలవడం లేదు. పేర్లు ఇవ్వడానికి రేపు పొద్దుటి వరకే గడువు.