అమ్మ మోకాలు, నా నూట ఇరవై

జూలై 12, శుక్రవారం

ఆరో తరగతికి కోణమానిని మొదలుపెట్టాను. ఆ అరచందమామ ప్లాస్టిక్ ముక్క మీద అంకెలు రెండు వరుసల్లో ఉంటాయి. మనం ఏ సున్నా దగ్గర బయల్దేరామో ఆ వరుసే చదవాలి. పదిసార్లు చెప్పాను. అయినా అనిత 60 ఉన్నచోట 120 అని రాసింది. కళ్లు నెత్తికెక్కాయా అని అరిచాను. సున్నా ఎక్కడుందో చూడకుండా అంకె చదివేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

జూలై 18, గురువారం

అమ్మ పడిపోయింది. నాట్లు వేసి వస్తూ బయ్యారంలో ఆటో దిగుతుంటే కాలు జారిందట. మోకాలి దగ్గర ఎముక విరిగింది. మానుకోట దవాఖానలో ఉన్నాం. రేపు ఆపరేషన్.

జూలై 26, శుక్రవారం

డిశ్చార్జ్. ఫిజియో రాజేందర్ మంచి ఓపికమంతుడు. కాలు ఎట్లా వంచాలో చేసి చూపించాడు. మెల్లగ వంచుండ్రి మేడం, అవ్వ ఏడ్సినా ఆపకుండ్రి అన్నాడు. వారం వారం ఆటోలో రావడం అమ్మ వల్ల కాదు. అందుకని మూడు వారాలయ్యాక ఎన్ని డిగ్రీలు వంగుతోందో ఫోన్‌లో చెప్పమన్నాడు. కొల్వొస్తదా అని అడిగితే నవ్వొచ్చింది. లెక్కల టీచర్నయ్యా బాబూ అన్నాను.

అమ్మ అడిగింది ఒక్కటే. మల్ల మోకాళ్లూనొచ్చా బిడ్డా అని. మంచిగ వంగితే ఎందుకూనవు అవ్వా అన్నాడు రాజేందర్.

మా అమ్మ ఎస్తేరు తెల్లారి లేస్తూనే గోనెసంచి పరుచుకుని మోకాళ్ల మీద ప్రార్థన చేస్తుంది. చర్చిలో ముందు వరుస ఆమెది. నేను మోకాళ్లూని పదిహేనేళ్లయింది. దాని మీద మా ఇద్దరికీ ఎప్పుడూ పేచీయే.

ఆగస్టు 3, శనివారం. ఉదయం 6

వంచుతున్నాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంటుంది. నన్ను ఒక్క మాట అనదు. యేసయ్యా యేసయ్యా అంటుంది. తిట్టినా బాగుండు.

ఆగస్టు 9, శుక్రవారం

నా వల్ల కావడం లేదు. కన్నతల్లిని ఏడిపించి బడికి పోయి పిల్లలకు పాఠం చెబుతున్నాను.

ఆగస్టు 16, శుక్రవారం

బడిలోంచి బోర్డు మీద వాడే పెద్ద చెక్క కోణమానిని తెచ్చాను. కీలు దగ్గర శీర్షం, ఒక భుజం తొడ, ఇంకో భుజం పిక్క. సరైన సున్నా నుంచి చదివాను, రెండుసార్లు. 120.

ఫోన్ చేశాను. రాజేందర్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. నూట ఇరవయ్యా, అవ్వ జబర్దస్త్ మేడం, ఇగ గుంజి వంచుడొద్దు, నడిపియ్యిండ్రి చాలు అన్నాడు. అమ్మ చేతులెత్తి దండం పెట్టుకుంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ నా బిడ్డనే కొల్సింది, లెక్కల టీచరు గదా అని చెబుతోంది.

నిజం రాసుకోవాలి. కాలు అంత వంగినట్టు నాకూ కనిపించలేదు. కుర్చీలో కూర్చుంటే పాదం ముందుకే చాపుకుని ఉంటోంది. ఒక్క క్షణం అనుమానం వచ్చింది. రాజేందర్‌ను అడగలేదు. రేపు పొద్దున ఆ ఏడుపు వినక్కర్లేదన్న సంబరంలో ఉన్నాను.

సెప్టెంబర్ 10, మంగళవారం

మళ్లీ కొలవలేదు. నొప్పి లేదంటోంది కదా.

సెప్టెంబర్ 27, శుక్రవారం

మానుకోట వెళ్లాం. రాజేందర్ తన స్కేలు పెట్టి చూశాడు. మొహం మారిపోయింది. యాభై ఐదే వంగుతుంది మేడం అన్నాడు. నాకు కోపమొచ్చింది. నేనే కొలిచాను, నూట ఇరవై ఉంది, నీ స్కేలు చూసుకో అన్నాను. అందరి ముందూ గట్టిగానే అన్నాను.

ఆయన మా అమ్మ కాలు చాపించి, గిది మాకు సున్నా మేడం అన్నాడు. ఈడికెల్లి ఎంత వంగితే గంత అని.

చాపిన కాలు వాళ్లకు సున్నా. నాకు సరళకోణం, నూట ఎనభై. నేను తొడకూ పిక్కకూ మధ్య కోణం చెప్పాను. ఆయన వంపు అడిగాడు. ఆ రోజు అమ్మ కాలు వంగింది అరవయ్యే. రెండూ కలిపితే నూట ఎనభై. సంపూరక కోణాలు. సోమవారమే బోర్డు మీద రాశాను ఈ మాట.

ఆరు వారాలు ఊరికే పోయాయి. కీలు బిగిసిపోయింది. మత్తిచ్చి వంచవచ్చు గానీ అమ్మ ఎముక పల్చనైంది, మళ్లీ విరుగుతుందేమో అన్నాడు డాక్టరు. వద్దన్నాడు. మరి మోకాళ్లూనుడు అని అడిగింది అమ్మ. కుర్సీల కూసొని చేస్కో అవ్వా, దేవుడు ఏమనడు అన్నాడు రాజేందర్. అమ్మ తల ఊపింది. ఆటోలో ఇంటికొచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి పట్టుకునే అర్హత నాకు లేదు.

సెప్టెంబర్ 30, సోమవారం

అనితకు సారీ చెప్పాను. ఎందుకో తెలియక బిక్కమొహం వేసింది.

అక్టోబర్ 1, మంగళవారం

అమ్మకు చెప్పేశాను. నా లెక్క వల్లే నీ కాలు ఇట్లా అయిందని. కాగితం మీద గీసి చూపించాను. ఆ గీతల మీద వేలు పెట్టి చూసింది. నీది తప్పా, గా పిలగానిది తప్పా అని అడిగింది. ఇద్దరిదీ కరెక్టేనమ్మా అన్నాను.

ఇద్దరిది కరెక్టే అయితే నా కాలెందుకు వంగలే బిడ్డా అంది.

అక్టోబర్ 6, ఆదివారం

చర్చికి తీసుకెళ్లాను. అందరూ మోకాళ్లూనారు. అమ్మ కుర్చీ వద్దని కర్ర పట్టుకుని నిలబడింది. ఆమె పక్కన నేను మోకాళ్లూనాను. ప్రార్థన రాలేదు. నా మోకాలి దగ్గర తొంభై డిగ్రీలు. ఏ సున్నా నుంచి చదివినా తొంభయ్యే.