నా విలువలకు తగిన కోచింగ్

గుడియాత్తం,
జూన్ 1994

మామగారికి నమస్కారాలు.

వేలూరు ఉద్యోగం మానేసి, నా జీవన విధానానికి తగినట్టు ఇంట్లోనే స్పోకెన్ ఇంగ్లీషు కోచింగ్ పెట్టాను కదా. పొద్దుటి నిద్ర చెడకూడదు, మధ్యాహ్నం కునుకు తప్పకూడదు, ఎవరినీ గదమాయించకూడదు అన్నవి నా విలువలు. పిల్లలేమో బడికి ముందే చదువుకోవాలని ఆరింటికల్లా వచ్చేవారు.

“మీరు పండుకోండి, నేను చూసుకుంటా” అని మీ అమ్మాయి పవిత్ర వాళ్లకు పాఠం మొదలుపెట్టింది. ఇప్పుడు వసారా చాలడం లేదు. నిన్న పాఠం చెప్పడానికి నాకూ ఒక క్లాసు ఇమ్మని అడిగాను.

“ఇస్తా. ముందు పిల్లలందరి మాదిరే మీరూ పరీక్ష రాయల్ల” అనింది.

నా విలువల గురించి మీరైనా ఆమెకు నచ్చజెప్పండి. వినకపోతే, మీ పాత ఇంగ్లీషు గ్రామర్ పుస్తకం పేర్ణాంబట్టు బస్సులో పంపండి. పరీక్ష ఆదివారమే. ఆమెకు తెలియనివ్వకండి.

ఇట్లు,
మీ అల్లుడు