కంప్యూటర్ నోట్లో పాన్

శుక్రవారం

బామ్మర్ది మా బ్యాండు పెళ్లిపాటను కంప్యూటర్లో స్వరాలుగా రాశాడు. అందులోని క్లారినెట్ బడాయిగా మోగుతూ వచ్చి, అన్నిటికన్నా పై స్వరం దగ్గర మూగబోయింది. తెరమీద ఆ స్వరం ఎర్రబడింది.

"క్లారినెట్ల ఆ స్వరమే లేదంటుంది బావా."

"నోట్ల పాన్ పెట్టుకుందేమో, ఉమ్మేయమను. లేని స్వరాన్నే నేను ఇన్ని పెండ్లిళ్లల ఊదుతున్ననా?"

"అయితే ఊదు, రికార్డ్ చేసి దీంట్ల పెడ్త."

ఊదాను. మొన్న ముందుపన్ను ఊడిన సందులోంచి ఉత్త గాలే పోయింది.

"నీ నోట్ల గూడ పాన్ ఉందా బావా?"

నవ్వేసి తప్పించుకున్నాను.

ఎల్లుండి జవళగేరలో పెళ్లి ఊరేగింపు. ఆ పనికిమాలిన డబ్బాకేం, రాని స్వరం దగ్గర నోరు మూసుకుంటుంది. నేను అక్కడిదాకా వచ్చి ఆగితే, వెనకున్న డోళ్లు ఆగవు...