నక్షత్రం గుర్తు వెనక పేరు

చెల్లీ డెల్ఫీన్,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి అమ్మమ్మ ఇంటికి ఈ ఉత్తరం రాస్తున్నాను. చింపేసే ముందు ఒక్కసారి చదువు.

బడుల్లో ఎంతమంది పిల్లల్ని సస్పెండ్ చేశారో జాతుల వారీగా ప్రతి ఏడాదీ జాబితా బయటపెడతారు కదా. అందులో నీ బడి దగ్గర, మన నల్లజాతి అమ్మాయిల వరుసలో అంకె బదులు నక్షత్రం గుర్తు ఉంది. నేను చదివిన కరపత్రాలన్నీ అంకెలు దాచేవాళ్ళ గురించే. ఇంకేముంది, రక్తం మరిగిపోయింది. స్కూలు బోర్డు సమావేశంలో లేచి అరిచాను. "ఈ నక్షత్రం మా చెల్లెలు! ఎదురు మాట్లాడిందని తొమ్మిది రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు!"

అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి మెల్లగా అంది. "బాబూ, ఒక వరుసలో పిల్లలు పదిమందికన్నా తక్కువుంటే, అంకె వేస్తే వాళ్ళెవరో తెలిసిపోతుందనే ఆ గుర్తు పెడతాం."

వెనక వరసలో ఎవరో, "అయ్యో, చర్చిలో పాడే డెల్ఫీనా?" అన్నారు.

ఇంటికొస్తూ కారులో అమ్మ ఒక్కటే అడిగింది. "నీ కరపత్రాల్లో ముందు చెల్లెల్ని అడగమని ఎక్కడా రాయలేదా నాయనా?"

వాళ్ళు చేసింది అన్యాయమే. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కానీ ఇప్పుడు నువ్వు ఆ బడి గడప తొక్కనంటున్నది వాళ్ళ వల్ల కాదు, నా వల్ల. నన్ను క్షమించు.

వచ్చే నెల సమావేశంలో మాట్లాడటానికి నాకు మూడు నిమిషాలు ఇచ్చారు. నువ్వు రాసిచ్చిందే చదువుతాను. వద్దంటే నా పేరు కొట్టేయించుకుంటాను. నువ్వే మాట్లాడతానంటే పక్కన నోరు మూసుకుని కూర్చుంటాను, నవ్వకు. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు. ఈసారి ముందే అడుగుతున్నాను.

నీ అన్నయ్య