ఇసుకల దూరిన ఎండ్రికాయ

చెన్నూరు,
9-8-1987

మస్కట్ల ఉన్న మీకు,

అందరం మంచిగున్నం. నాకు చీరె తెస్తనని చెప్పి మీరు తెచ్చిన, శంఖం మోసుకతిరిగే ఎండ్రికాయ గూడ మంచిగనే ఉన్నది.

అత్తమ్మ రోజు "గీ పురుగును గోదావరిల పారేయ్" అని తిట్టేది. ఓనాడు అది కుండల ఇసుకల దూరి మళ్ల రాలే. "నా తిట్లు తగిలి సచ్చిందే" అని ఏడ్చి, రెండు పూటలు తినలే. కుండ కుమ్మరిస్తనంటే నా చెయ్యి పట్టుకున్నది. ఇరవై దినాలకు అది పాత తోలు ఇడిసి, ఎర్రగ బయటికొచ్చింది. ఇప్పుడు అరచేతిల పెట్టుకొని కొబ్బరి తినిపిస్తున్నది.

వచ్చేటప్పుడు ఇంకోటి తేవాల్నట. దానికి ఒంటిగ తోస్తలేదట. అడిగింది తానని రాయొద్దన్నది.

నాకు గూడ తోస్తలేదని మాత్రం నేనే రాస్తున్న.